దస్తావేజులో చేరని షరతు

మిషిగన్‌లో మేం కొన్న ఇల్లు చాలా పాతది. కిటికీ అద్దాలు ఎక్కడా సమంగా ఉండవు. వాటిలోంచి చూస్తే వీధి మొత్తం నీళ్ల అడుగున మెల్లగా కదులుతున్నట్టుంటుంది. మొదటి చలికాలంలోనే మా ఆయన మంచు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయ్యాక వీల్‌చెయిర్‌లో ఆ కిటికీ పక్కనే కూర్చునేవారు. బయటికి వెళ్లాలంటే ఐదు మెట్లు దిగాలి. నేను ఆఫీస్ నుంచి వచ్చేసరికి కలలోంచి లేచినవారిలా నావైపు చూసేవారు.

పక్క తలుపు దగ్గర చెక్క ర్యాంప్ వేయిద్దామనుకున్నాం. మాది చారిత్రక పేట. ఇంటి బయట ఏం మార్చాలన్నా, పాత ఇళ్ల రూపు చెడకుండా చూసే ఊరి కమిషన్ అనుమతి కావాలి. వాళ్లు సరేనన్నారు గానీ, ఇల్లు ఎప్పుడు అమ్మినా ర్యాంప్ తీసేయాలన్న షరతును మా దస్తావేజుకు జతచేసి రిజిస్టర్ చేయించమన్నారు.

"సైన్ చేసేద్దాం. నేను బయటికెళ్లగలిగితే చాలు" అన్నారు ఆయన.

నాకు మనసొప్పలేదు. ఎందుకో మాత్రం చెప్పలేకపోయాను. పక్కింటి పెద్దావిడ కౌంటీ ఆఫీసులో దస్తావేజులు చూసి రిటైరైన మనిషి. ఆవిడకు ఆ కాగితం చూపించాను. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, నిదానంగా చదివింది.

"చెక్క ఎలా ఉండాలో వాళ్లు చెప్పొచ్చు. నీ దస్తావేజులో ఏం రాయాలో చెప్పలేరు" అంది.

కమిషన్‌కు అధికారాలిచ్చే ఊరి చట్టం కాపీ తెచ్చుకుని, లంచ్ టైమ్‌లో కార్‌లో కూర్చుని రెండుసార్లు చదివాను. దస్తావేజు మాటే అందులో లేదు.

కమిషన్ మీటింగ్‌లో అదే చెప్పాను. ఊరి లాయరు చాలాసేపు పేజీలు తిప్పాడు. ఇంటివాళ్లు ఇష్టపడి రాసిస్తే తప్ప, అనుమతి కోసం అలాంటి షరతు రిజిస్టర్ చేయించమనే అధికారం కమిషన్‌కు లేదన్నాడు. అధ్యక్షుడు ముసలాయన. తన కళ్లముందే ఎన్నో మంచి ఇళ్లు రూపు మారిపోయాయని, ఆ భయంతోనే అలా అడిగామని తలవంచుకుని చెప్పాడు. నాకు కోపం పోయింది. షరతు కొట్టేశారు. ర్యాంప్ పక్కన వేసే కమ్మీలు మాత్రం వరండా కమ్మీల్లా ఉండాలన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను.

ఏప్రిల్‌లో ర్యాంప్ పూర్తయింది. ఆ ఉదయం పొగమంచులో కొత్త చెక్క వాసన. ఆయన తనంతట తానే చక్రాలు తిప్పుకుంటూ దిగి, వంగి తడిగడ్డిని అరచేత్తో నిమిరారు. చలిగా ఉందేమో, లోపలికి వెళ్దామా అన్నాను.

"ఇంకాసేపు ఉండనీ" అన్నారు.

ఆఫీస్‌కి లేట్ అవుతుందని మెసేజ్ పెట్టి, ఆయన పక్కనే గడ్డిలో కూర్చున్నాను.