వెనక సీట్లో గ్లాసుడు నీళ్ళు

మా వీధి కాంపౌండర్ బాబాయి గారు పోయారు. పదమూడు రోజులైంది. నర్సీపట్నంలో మా వైపు ఆయన చేత కట్టు కట్టించుకోని ఇల్లు లేదు కాబట్టి ఈ కబురు చాలామందికి ఇప్పటికే తెలిసి ఉంటుంది. ఎలా పోయారో కూడా తెలిసే ఉంటుంది. ఆసుపత్రికి ఆయన్ని తీసుకెళ్ళింది నా మోటార్‌సైకిల్ మీద. నడిపింది నేను. "మాస్టారు కొంచెం జోరుగా తోలుంటే బతికీవోడేమో" అని టీ కొట్టు దగ్గర ఎవరో అన్నారట. అన్నవాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళకంటే ముందు ఆ మాట నేనే అనుకున్నాను.

ఆయన పెద్దాసుపత్రిలో కట్లు కట్టే గదిలో ఉద్యోగమంతా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత కూడా ఆ గది ఆయన్ని వదల్లేదు, వరండాలోకి వచ్చేసింది. ఒక బల్ల, దూది డబ్బా, స్పిరిట్ సీసా, మడతలు పెట్టిన గాజుగుడ్డ. వేళ్ళు ఎప్పుడూ స్పిరిట్ వాసన వేసేవి. అన్నం కలుపుకుంటున్నా ఆ వాసనే అని పిన్ని గారు విసుక్కునేవారు.

నాకు ఆయన దగ్గరైంది పోయినేడు, వరి నూర్పుల రోజుల్లో. నాతవరంలో మా ఆవిడ తరపువాళ్ళింట్లో భోజనాలకి వెళ్ళి తిరిగొస్తున్నాం. నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిని. పద్దెనిమిదేళ్ళుగా బండి నడుపుతున్నాను, నాకు బండి రాదని ఎవరైనా అంటే నవ్వేవాణ్ణి. రోడ్డుకి సగం మేర ధాన్యం ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చారు. ఎదురుగా ట్రాక్టరు. పక్కకి తీసి, ధాన్యం మీదికెక్కాక, ముందు బ్రేకు పట్టాను. తర్వాత ఇద్దరం కింద ఉన్నాం. ధాన్యం రైతు పరిగెత్తుకొచ్చి, "ఏటయ్యా, కల్లు కానరానేదేటి?" అని తిట్టి, తిడుతూనే తన తువ్వాలు మా ఆవిడ గడ్డానికి అదిమిపట్టాడు.

నా కుడిచేతి వేళ్ళ కణుపులు చీరుకుపోయాయి. ఆవిడ గడ్డం కింద నాలుగు కుట్లు పడ్డాయి. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ చిన్నదాంతో పోయిందన్నారు. నిజమే. కానీ ఆ తర్వాత ఆవిడ నా బండెక్కలేదు. ఒక్క మాట అనలేదు, దెప్పలేదు. బజారుకి వెళ్దామంటే "మీరు పదండి, నేను ఆటోలో వస్తాను" అనేది. వెళ్ళేది ఒకే చోటికి, నేను బండి మీద, ఆవిడ ఆటోలో. తిట్టినా బాగుండేది.

కట్టు మార్పించుకోవడానికి రోజు విడిచి రోజు బాబాయి గారి వరండాకి వెళ్ళేవాళ్ళం. దెబ్బ తగిలించుకొచ్చిన ఎవర్నీ ఆయన "చూసుకోవద్దా" అనేవారు కాదు. దూది తడుపుతూ "ఎలా పడ్డారు? మొదట్నించీ సెప్పండి" అని అడిగేవారు. మంట తెలియకుండా మాటల్లో పెడుతున్నారని నేననుకున్నాను. కాదు, ఆయన నిజంగానే వినేవారు. మా ఆవిడ కట్టు అయ్యాక నా చెయ్యి తిప్పి చూశారు.

"కింద పడీదాకా బ్రేకు వొగ్గనేదు మీరు."

"బ్రేకు వదల్లేదని మీకెవరు చెప్పారండీ?"

"ఈ కణుపులే సెప్తన్నాయి మేస్టారూ. వొగ్గీసుంటే సెయ్యి కింద ఆనీది, అరిసెయ్యి గీసుకునీది. మీ అరిసెయ్యి సూడండి, పెల్లికొడుకు సెయ్యిలాగుంది."

మా ఆవిడ తల పక్కకి తిప్పుకుంది. ఆయన సంగతి గ్రహించారు. ఆదివారం పొద్దున్న ఆరింటికి బండి తియ్యమన్నారు, తాను వెనక కూర్చుంటానన్నారు. "మీరు ఏ బండి నడిపేవారండీ?" అని అడిగాను. ఆయన సైకిల్ తప్ప ఏదీ తొక్కలేదట. "నాకు బండి రాదు. పడ్డోలే నాకు నేర్పేరు" అన్నారు. బండి రాని మనిషి దగ్గర బండి నేర్చుకోవడానికి పద్దెనిమిదేళ్ళ అనుభవం ఉన్న నేను సిద్ధపడ్డానంటే, ఆటో ఖర్చు గురించి కాదని మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆ ఆదివారం ఆయన చేతిలో స్టీలు గ్లాసుతో వచ్చారు. అంచుదాకా నీళ్ళు. వెనక కూర్చుని, ఎడమచెయ్యి నా భుజం మీద వేసి, "ఒలక్కుండా తీసుకెల్లండి" అన్నారు. కృష్ణదేవిపేట రోడ్డు పట్టాం. మొదటి స్పీడుబ్రేకరు దగ్గరే సగం నీళ్ళు నా వీపు మీద పడ్డాయి. చలికాలం. ఒళ్ళు జల్లుమంది. వెనక్కొచ్చాక అడుగున మిగిలిన గుక్కెడూ తాగేసి, "ఇయ్యాల దాహానికి సాల్నేదు మేస్టారూ" అన్నారు. తడిచొక్కాతో ఇంటికొచ్చిన నన్ను చూసి మా ఆవిడ వీపు మీద చెయ్యి పెట్టి చూసి నవ్వింది. ఆ యాక్సిడెంటు తర్వాత నవ్వడం అదే మొదలు.

అలా ప్రతి ఆదివారం. బ్రేకు నిమ్మకాయ పిండినట్టు పిండాలట, నేను దోమని కొట్టినట్టు కొడుతున్నానట. గుంత కేసి చూడకూడదట. "సూపు ఎటుంటే బండి అటే ఎల్తాది. గుంతలో పడ్డోలందరూ గుంతనే సూసేరు, నాను అడిగేను గదా." ఇసక గానీ గింజలు గానీ కనిపిస్తే ముందే తగ్గించుకుని, నిటారుగా, బ్రేకు ముట్టకుండా దాటిపోవాలి. నేను పిల్లలకి చెప్పే పాఠం ఏదీ ఇంత ఓపిగ్గా చెప్పలేదు.

ఆయనకి కోపం రావడం ఒక్కసారే చూశాను. కొంచెం చెయ్యి తిరిగిందన్న ధీమాతో ఒక మలుపులో షేర్ ఆటోని దాటేశాను. "ఆపండి" అన్నారు. దిగి, గ్లాసులో నీళ్ళు రోడ్డు పక్కన పారబోశారు.

"నడిపీవోడికి పడతన్నామని ముందు తెలుస్తాది మేస్టారూ. ఎనకోలికి తెల్దు. అప్పుడుదాకా ఆల్లు ఇంటికెల్లి ఏటొండాలా అని ఆలోసించుకుంటుంటారు. నాను ఎంతమందిని సూసేనో మీకు తెల్దు."

అని నడవడం మొదలుపెట్టారు. నేను ఇంజను ఆపేసి, బండి నెట్టుకుంటూ ఆయన పక్కనే నడిచాను. ఊరి మొదట్లోకి వచ్చేదాకా అలాగే నడిచాం. ధాన్యం మీద బండి జారుతున్నప్పుడు మా ఆవిడ ఏమాలోచిస్తోందో అప్పటిదాకా నేను ఆవిడని అడగలేదు. ఆ రోజు ఇంటికెళ్ళి అడిగాను. "చారు పెడదామా, పప్పు పెడదామా అనుకుంటున్నాను" అంది.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం చొక్కా పొడిగా ఇంటికొచ్చింది. ఆవిడ ఎప్పటిలాగే వీపు మీద చెయ్యి పెట్టి చూసి, లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు సాయంత్రం బజారుకని బండి తీశాను. వెనక సీటు కుంగింది. నేను వెనక్కి తిరగలేదు, తిరిగితే దిగిపోతుందని భయం. బాబాయి గారికి చెబితే, "అమ్మగోరు ఒలక్కుండా ఎల్లేరా?" అని పొట్ట పట్టుకుని నవ్వారు. నా భార్యని మళ్ళీ నా వెనక కూర్చోబెట్టిన మనిషి ఆయన. అంతకంటే పెద్ద ఉపకారం నాకు ఎవరూ చెయ్యలేదు.

ఆ పొద్దున్న ఇంకా టీ కూడా తాగలేదు. పిన్ని గారు గేటు కొట్టారు. "బాబూ, బేగి రా. మీ బాబాయి ఏటోలాగున్నారు." వెళ్ళేసరికి ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నారు, చెయ్యి ఛాతీ మీద, మొహమంతా చెమట. నేను అంబులెన్సుకి ఫోన్ చేశాను. మా ఆవిడ ఆటో కోసం సెంటరుకి పరిగెత్తింది. ఆయన ఆ రెండింటికీ ఆగలేదు. "మేస్టారూ, బండి తియ్యండి" అన్నారు. నా వెనక ఆయన, ఆయన వెనక ఆయన్ని రెండు చేతులా పట్టుకుని పిన్ని గారు.

ఆయన నేర్పినట్టే నడిపాను. స్పీడుబ్రేకరు రాకముందే తగ్గించాను, బ్రేకు పిండాను, గుంతల కేసి చూడలేదు. ఒక్క కుదుపు లేదు. ఆ సమయంలో కూడా లోపల ఎక్కడో గర్వపడ్డాను, దాచుకోను. వీపుకి తడి తగిలింది. నీళ్ళు ఒలికాయనుకున్నాను. ఒక్క క్షణమే. ఆయన నుదురు నా వీపుకి ఆనించి ఉన్నారు.

"బాగా ఎల్తన్నారు మేస్టారూ" అన్నారు. కాసేపాగి, "కొంచెం బేగి ఎల్లండి."

అన్ని ఆదివారాల్లో ఆయన నోట ఆ మాట వినలేదు. ముందు రోడ్డు ఖాళీగానే ఉంది. యాక్సిలరేటరు తిప్పితే చాలు. చెయ్యి తిరగలేదు. వెనక ఇద్దరున్నారు, నా కళ్ళముందు మా ఆవిడ గడ్డం కింద కుట్లున్నాయి. అదే వేగంతో వెళ్ళాను.

ఆసుపత్రిలో ఒకప్పుడు ఆయన కింద పని నేర్చుకున్నవాళ్ళే పరిగెత్తుకొచ్చి ఎత్తుకెళ్ళారు. అరగంటలో అయిపోయింది. ఇంకొంచెం ముందు తెస్తే ఏమయ్యేదని డాక్టరు గారిని అడిగాను. "అలా చెప్పలేమండీ" అన్నారు. ఆ మాటని ఎటు తిప్పి చూసినా నాకు నిద్ర పట్టే అర్థం దొరకలేదు.

పదో రోజు కార్యం అయ్యాక పిన్ని గారికి చెప్పేశాను. ఆయన వేగంగా వెళ్ళమన్నారనీ, నేను వెళ్ళలేదనీ.

"నానూ విన్నాను బాబూ. నువ్వు ఎల్లనేదు, అదీ సూసాను. ఎల్లుంటే ఉండీవారో నేదో నాకు తెల్దు. ఆయన్ని పట్టుకున్నది నాను. దారంతా నా సేతుల్లోంచి ఒక్కసారీ జారనేదు. అంతవరకే నాకు తెల్సు."

అది క్షమించడమో కాదో నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదనిపించింది.

చావు దగ్గర్నించి వచ్చిన బట్టలు గుమ్మం దాటనివ్వని మనిషి మా ఆవిడ. దహనం నుంచి వచ్చిన రోజు వాకిట్లోనే పొద్దున్నటి చొక్కా విప్పి, బకెట్లో వెయ్యబోయాను. అది అప్పటికే నా ఒంటి మీదే ఆరిపోయింది. ఆవిడ చటుక్కున అందుకుని, అలవాటుగా వీపు మీద చెయ్యి పెట్టింది. ఆదివారాల్లో నీళ్ళు పడే చోటే, ఆయన నుదుటి చెమట ఆరి తెల్లటి ఉప్పుచార కట్టి ఉంది. దాని అంచు వెంట వేలు పోనిచ్చింది. తడపలేదు. తీసుకెళ్ళి తలుపు వెనక మేకుకి తగిలించింది.

బండి తాళం ఉండేదీ ఆ మేకుకే. రోజూ బడికి వెళ్ళేటప్పుడు చొక్కా పక్కకి తప్పించి తాళం తీసుకోవాలి.