ఎనిమిదిన్నర రౌండ్లు

మా డ్రిల్లు టీచరమ్మ పోయిన సోమవారం ఆళ్లగడ్డలో కన్నుమూశారు. నంద్యాలలో నేను పనిచేసే బడిలో ఉదయం ప్రార్థన జరుగుతుండగా ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. పిల్లల్ని వరుసల్లోనే నిలబెట్టి గోడ చాటుకు వెళ్లాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు. చదివేవాళ్లు మన్నించాలి. పోయిన మనిషి గురించి మెత్తగా రాయడం ఈసారి నా వల్ల కాదు.

ఆమెది కూలి చేసుకుని బతికిన కుటుంబం. చర్చి వెనక చిన్న ఇల్లు. చీర కింద తెల్ల బూట్లు వేసుకుని మాతోపాటు పరిగెత్తేవారు. తెల్లవారకముందే గ్రౌండులో తనే సున్నంతో గీతలు గీసేవారు. స్టీలు డబ్బాలో వేయించిన వేరుశనగ బుడ్డలు, బెల్లం ఉండేవి. ఎవరు ఏమీ తినకుండా వచ్చారో మొహం చూసి కనిపెట్టి, ముందు వాళ్ల చేతిలో పోసేవారు. రౌండుకొక వేలు ముడవమనేవారు. "మీ లెక్క మీరే పెట్టుకోండి. ఇంగొకరు పెడతారని కూచోవద్దు" అనేవారు. ఎందుకన్నారో మాకు తెలియదు. జిల్లా పోటీలకు పోయిన సంవత్సరం తెలిసింది.

నేనూ, మాబున్నీ అప్పుడు పదో తరగతి. మాబున్నిది ఉయ్యాలవాడ. సెలవుల్లో కలుపు తీయడానికి పోయేది, బడి రోజుల్లో ఆటోలో వచ్చేది. ఆటో రాకపోతే పరిగెత్తుకుంటూ వచ్చేది. జిల్లా పోటీలకు టీచరమ్మ మా ఇద్దరినీ నంద్యాల తీసుకెళ్లారు. మూడు వేల మీటర్లు. అంటే ఆ గ్రౌండులో ఏడున్నర రౌండ్లు.

రౌండ్లు లెక్కపెట్టాల్సిన బల్ల దగ్గర నలుగురు సార్లు కూర్చున్నారు. బల్ల మధ్యలో ట్రాన్సిస్టరు. ఏదో క్రికెట్ మ్యాచ్ నడుస్తోంది. ఆటల చరిత్రలో ఒక్క మనిషి చేసిన వాటిల్లో అన్నిటికన్నా గొప్పది ఏదని వాళ్ల వాదన. ఒకే ఇన్నింగ్స్‌లో పది వికెట్లా, ఒకే ఓవర్లో ఆరు సిక్సర్లా? నేను వాళ్ల ముందు నుంచి పోయిన ప్రతిసారీ ఆ గొంతులే వినపడ్డాయి. ఒక్కరు కూడా తలెత్తి మావైపు చూడలేదు.

నా ఐదో రౌండు అయిపోయే చోట మాబున్ని నన్ను దాటిపోయింది. నాకంటే పూర్తిగా ఒక రౌండు ముందుందన్నమాట. దాటుతూ నా భుజం తట్టి, "రామ్మే, బేగా రా" అంది. కాళ్లకు బూట్లు లేవు. చివరి రౌండు ప్రాణం పెట్టి పరిగెత్తి, గీత దాటి, మోకాళ్ల మీద కూలబడింది. నేను మలుపు తిరిగి అక్కడికి వచ్చేసరికి బల్ల దగ్గరున్న పెద్ద సారు అరుస్తున్నాడు.

"యాడ పడుకుంటాండావ్? ఇంగో రౌండుండాది. లెయ్!"

"అయిపోయింది సార్" అని మాబున్ని ముడిచిన వేళ్లు చూపించింది.

"నీ వేళ్లు నాకెందుకు? కాయితంలో ఆరున్నరే ఉండాది. ఉరుకు!"

మాబున్ని లేచింది. ఊపిరి అందక మూలుగుతూ, అప్పటికే తన పందెం గెలిచేసిన ఆ పిల్ల, మళ్లీ నా వెనకాల పడింది. ఆ రౌండంతా ఆమె పాదాల చప్పుడు నాకు దగ్గరవుతూనే ఉంది. నేను గీత దాటినప్పుడు మా మధ్య పదడుగులు కూడా లేవు. ఫస్టు నేను. సెకండు మాబున్ని.

టీచరమ్మ బల్ల దగ్గరికి వచ్చారు.

"సార్, ఆ పాప ఎనిమిదిన్నర రౌండ్లు ఉరికినాది. మీ కాయితంలో ఒకటి తప్పిపోయినాది."

"ఫస్టూ, సెకండూ రెండూ మీ బడికే వచ్చినాయి కదమ్మా. ఇంగ నీకేం బాధ?"

"బడికని కాదు సార్ నేనడిగేది. ఆ పాపకని."

సారు నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. అప్పుడు టీచరమ్మ నావైపు తిరిగారు. "నువ్వు చెప్పు పాపా. మాబున్ని నిన్ను దాటిందా, లేదా?"

రాష్ట్ర పోటీలకు ఫస్టొచ్చిన ఒక్కరినే పంపుతారు. అది నాకు తెలుసు. మాబున్ని నా ఎదురుగానే నిలబడి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తలెత్తి నన్నే చూస్తోంది.

"నేను చూసుకోలేదు టీచరమ్మా" అన్నాను.

రాష్ట్ర పోటీల్లో నేను అందరికన్నా చివర వచ్చాను. అయినా జిల్లా ఫస్టు కాగితం నాకు పనికొచ్చింది. దాంతోనే కాలేజీలో సీటు, దాంతోనే ఈ డ్రిల్లు టీచరు ఉద్యోగం. మాబున్ని చదువు పదో తరగతితో ఆగింది. టీచరమ్మ ఉయ్యాలవాడకు మూడుసార్లు వెళ్లి వాళ్ల నాయనను బతిమాలారు. "ఫస్టొచ్చింటే పంపుదునమ్మా. సెకండొచ్చిన దానికి ఏం చదువు?" అన్నాడట. నలుగురు మగవాళ్లు క్రికెట్ గురించి వాదించుకుంటూ ఒక్క గీత గీయడం మరిచిపోయినందుకు మాబున్ని ఇంకొకరి పొలంలో వంగింది. ఇన్నేళ్లుగా వంగే ఉంది.

టీచరమ్మ పై ఆఫీసులకు అర్జీలు రాశారు. జవాబు రాలేదు. ఆ బల్ల దగ్గరి వాదన మా బడి స్టాఫ్‌రూములోనూ నడిచేది. సార్లు అన్నాలు తిని పది వికెట్లు, ఆరు సిక్సర్లు, ఒలింపిక్ పతకాలు అని గొంతులు పెంచుకునేవాళ్లు. టీచరమ్మ అందరూ చెప్పేదాకా ఆగేవారు. హాజరు పట్టీ ఇవ్వడానికి పోయి గుమ్మంలో నిలబడినప్పుడు నేనే ఒకసారి విన్నాను.

"ఎనిమిదిన్నర ఉరికి, ఏడున్నర ఉరికినదానికి పదడుగుల్లో వచ్చినాది. అట్లాంటిది మీరు యాడన్నా చూసినారాప్పా?"

"ప్రపంచం గురించి మాట్లాడతాంటే జిల్లా పోటీ అంటావేందమ్మా!"

"నేను కండ్లారా చూసిందే చెప్తా. టీవీలో చూసింది నాకొద్దు."

అంతా నవ్వారు. నేను పట్టీ అక్కడే పెట్టి వెనక్కి వచ్చేశాను. ఆ మాట అన్నన్ని రోజులూ ఆమె నన్ను ఒక్కసారి కూడా వేలెత్తి చూపలేదు. నాకు బుడ్డలు, బెల్లం పెట్టడం మానలేదు. కాలేజీ సీటు ఫారం కూడా ఆమే కూర్చుని నింపించారు.

నిరుడు ఒక ఆదివారం టీచరమ్మ ఇంటికి వెళ్లి, ఆ రోజు అబద్ధం ఆడానని చెప్పేశాను. ఆమె చాటలో కొర్రలు చెరుగుతున్నారు. చెయ్యి ఆపలేదు.

"తెలుసులే. ఆ పొద్దు నీ మొగం చూస్తే తెలీదా?"

"మరి నన్నెందుకు తిట్టలేదు టీచరమ్మా?"

"నువ్వు పదహైదేండ్ల పిల్లవు. వాళ్లు నలుగురూ పెద్దోళ్లు. నా కోపం వాళ్ల మింద." చాట పక్కన పెట్టారు. "ఇప్పుడు నువ్వూ పెద్దదానివే. నాకు చెప్తే ఏం లాభం? నలుగురిలో చెప్పు."

చెప్తానన్నాను. పరీక్షలన్నాను, ఎండలన్నాను, వానలన్నాను. ఆమె పోయారు.

శనివారం ఆళ్లగడ్డ బడిలో సంతాప సభ పెట్టారు. ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? ఆ బల్ల దగ్గరి పెద్ద సారే. జుట్టు నెరిసి, రిటైరై, శాలువా కప్పుకుని కూర్చున్నాడు. టీచరమ్మ ఫొటోకు దండ వేసి మైకు అందుకున్నాడు. "ఆమె జీవితంలో గొప్ప విజయం ఇదిగో, ఈ అమ్మాయి. నా చేతుల మీదుగానే జిల్లా ఫస్టు అందుకుంది" అని నన్ను చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను లేచి మైకు తీసుకున్నాను. ట్రాన్సిస్టరు సంగతి చెప్పాను. ఐదో రౌండు చెప్పాను. నా అబద్ధం చెప్పాను. ఆ ఫస్టు నాది కాదు, మాబున్నిది అన్నాను.

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ? పోయినామె ఆత్మకు శాంతి కలగనీ" అన్నాడు సారు.

"ఆమె శాంతి అడగలేదు సార్. లెక్క సరిచేయమని అడిగారు. బతికున్నంతకాలం అడిగారు."

వెనక వరుసలో ఒక మనిషి లేచింది. పొలం నుంచి నేరుగా వచ్చినట్టుంది, కాళ్లకు నల్లమట్టి ఆరిపోయి ఉంది. ఆమె వచ్చిందని అప్పటిదాకా నాకు తెలియదు.

"నేనే సార్ మాబున్నిని. నేను కింద పడింటే లెయ్యమన్యావు. నీకు గుర్తులేదు. నాకు గుర్తుండాది."

సారు నీళ్ల గ్లాసు అందుకున్నాడు. తాగలేదు. చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కాసేపటికి కారు వచ్చిందని లేచిపోయాడు. క్షమించమన్న మాట అతని నోట్లోంచి రాలేదు.

బడి ఆఫీసు గదిలో జిల్లా విజేతల పేర్లు రాసిన చెక్క బోర్డు ఉంది. అందులో నా పేరు కొట్టేసి మాబున్ని పేరు రాయమని హెడ్‌మాస్టరును అడిగాను. పై నుంచి ఆర్డరు రావాలన్నాడు. రాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ పందెం గెలిచింది మాబున్ని. టీచరమ్మ చెప్పింది నిజం. ఆటల చరిత్రలో గొప్పది ఏదని ఎవరు వాదించుకున్నా, ఇది కూడా చెప్పాకే వాదించుకోండి.

సభ అయ్యాక ఇద్దరం రోడ్డు మీదికి నడిచాం. క్షమించమన్నాను.

"నువ్వు చెప్తావని టీచరమ్మ అంటానే ఉండె. నేనే నమ్మలే" అంది మాబున్ని. క్షమించానని అనలేదు. లేదనీ అనలేదు.

ఉయ్యాలవాడ ఆటో వచ్చింది. నిండా జనం. డ్రైవరు పక్కన జానెడు చోటుంటే అందులోనే ఇరుక్కుని కూర్చుంది. కొంగు దోపుకుంది. ఒక కాలు బయటే వేలాడుతోంది. ఆటో కదిలింది. ఎండకు కమిలి, పగుళ్లిచ్చిన ఆ మడమ రోడ్డుకు జానెడు ఎత్తున ఊగుతూ ఊగుతూ పోయింది.