తినకుండా రమ్మన్నది నేనే

ఆసుపత్రిలో గర్భిణులకు యోగా నేర్పుతాను. ఈ రోజు క్లాసు మధ్యలో నాగమణి చెమటలు కక్కుతూ గోడకు ఒరిగిపోయింది. షుగర్ వచ్చేలా ఉందని డాక్టరమ్మ నా దగ్గరికి పంపిన ఆరు నెలల గర్భిణి. గూడెం నుంచి అడవిదారిన నడిచి వస్తుంది. నర్సు వేలు గుచ్చి చూస్తే షుగర్ బాగా పడిపోయింది. షుగర్ రాకూడదని పెట్టిన క్లాసులోనే, ఆమెకు చక్కెర నీళ్లు తాగించాను.

తేరుకున్నాక అడిగాను. "పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఏం తినలే. మీరే తినకుండ రమ్మన్నరు గద మేడం."

"నేనెప్పుడన్న?"

"రక్తం తీసిన నాడు."

అది నెల కిందట, ఆ ఒక్క పరీక్ష కోసం చెప్పిన మాట. అప్పటినుంచి ప్రతి క్లాసుకూ ఖాళీ కడుపుతోనే నడిచి వస్తోంది.

నా మాట ఎవరూ వినరని మొన్ననే ఇక్కడ పోస్టు పెట్టాను. ఇప్పుడే తీసేశాను. మీ మాట పట్టుకుని ఇంకా ఎవరు నడుస్తున్నారో మీకు తెలుసా?