పెట్టె మీద కూర్చున్న అత్త

మా అత్త ఒక ఆదివారం తెల్లవారుజామున కన్నుమూసింది. ఎస్టీడీ బూతుకు పోయి ఆత్మకూరులోని ఆడబిడ్డకు ఆ మాట చెప్పింది నేనే. నలుగురిలో నోరు విప్పని దాన్ని అంత పని చేశానంటే అది అత్త నేర్పిన ధైర్యమే. "నోరు తెరువమ్మే, ఈగలేం పోవులే" అనేది.

మా ఇల్లూ, మా ఆయన అన్నలిద్దరి ఇళ్ళూ ఉదయగిరిలో ఒకే వీధిలో ఉన్నాయి. మామ పోయాక పెద్దమనుషులు పొలం పంచి, అత్తకు కూడా వంతులు వేశారు. నెలకొక కొడుకు. నెల మారగానే ఒకరు ఆమె రేకుపెట్టె ఎత్తుకునేవారు, ఆమె వెనకాల నడిచేది. పెద్దబావ ఇంట్లో కూరల్లో కారం ఎక్కువ. నడిపిబావ ఇంట్లో పడక బర్రెల పక్కన. నేను కెలికితే సంగటి ఉండలు కట్టేది.

ఒక నెలాఖరున నడిపిబావ మా ఇంటికి పెట్టె కోసం వస్తే ఆమె దానిమీద కూర్చుంది.

"లెయ్యమా, పొద్దు పోతాండాది."

"నేను రాను. పొలం పంచుకున్నారు, సరే. నేనేమన్నా పొలాన్నా, నెలకొకరు దున్నుకునేదానికి?"

పెద్దబావ పరిగెత్తుకొచ్చాడు. "ముగ్గురు కొడుకులుండీ ముసిలిది ఒక్కడింట్లోనే తింటాండాదంటారు. మా పరువేం గావాల?"

"తినేది నేను, పడుకునేది నేను. నీకేడ బాగుంటాదని ఒక్కడన్నా అడిగినాడా? వినుకోండి. పొద్దున కాఫీ పెద్దోడింట్లో. సంగటి నడిపోడింట్లో. తలంటూ పడకా చిన్నకోడలికాడ. దాని చేతులు మెత్తన."

అంతటితో ఆగలేదు. నావైపు తిరిగింది. "ఏమ్మే, నీకిష్టమేనా? కాదంటే కాదను."

కాపురానికి వచ్చాక నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. బావలు చూస్తూనే ఉన్నారు. "ఉండత్తా" అన్నాను, అందరికీ వినపడేట్టు.

ఆ తర్వాత ఆమె రాజ్యమే. "చిక్కగా పెట్టకపోతే నా కాఫీ కూడా నడిపోడింట్లోనే" అని బెదిరిస్తే పెద్ద తోడికోడలు నెలలోపలే దారికి వచ్చింది. నేను తలకు నూనె రాస్తుంటే కళ్ళు మూసుకుని వీధి కబుర్లన్నీ చెప్పేది. వింటూ వింటూ నేనూ ఎదురు మాట్లాడటం మొదలుపెట్టాను.

కర్మాంతరం అయిన మర్నాడు వాకిలి చిమ్ముతుంటే ఎదురింటి పెద్దమ్మ కనిపించింది. ఆమె కొడుకులదీ నెల వంతే. ఆ నెల వంతు పెద్దకొడుకుది. ఆమె మాత్రం కంచం చంకన పెట్టుకుని, పెద్దకొడుకు గడప దాటి, చిన్నకొడుకు ఇంటివైపు నడుస్తోంది.

"ఏడికి పెద్దమ్మా?" అన్నాను.

"చిన్నోడింట్లో చేపల పులుసంటమ్మే" అంది, వెనక్కి తిరగకుండానే.