సగం వేగంలో పాడిన ఎలుక

నేను రిటైరు కావడానికి ఏడాది ముందు, హోలీ వెళ్ళిన సోమవారం, సికింద్రాబాద్‌లో నేను పనిచేసే రికార్డింగ్ స్టూడియో వాళ్ళు నాకొక ఎలుకను అప్పగించారు. నేనప్పుడు చీఫ్ రికార్డిస్టుని. మా వృత్తిలో అసిస్టెంటు మైకులు అమరుస్తాడు, రికార్డిస్టు గొంతును పట్టుకుంటాడు, చీఫ్ రికార్డిస్టు అంతా విని ‘ఓకే’ అనో ‘మళ్ళీ’ అనో అంటుంది. ఈ రెండో మాటతోనే నాకు ఎక్కువ పేరొచ్చింది. గాయకులు నన్ను చాటుగా ‘మళ్ళీ మేడమ్’ అనేవారని నాకు తెలుసు. అందులో తప్పేమీ లేదు, బాగా లేనిదాన్ని బాగుందని అనడానికి నాకు జీతమివ్వలేదు.

ఎలుక పేరు గింజ. పిల్లల కోసం తీస్తున్న బొమ్మల సినిమాలో అదే కథానాయిక. ఓ పెళ్ళిబ్యాండు వాళ్ళ డోలులో కాపురముంటుంది. ఒక పెళ్ళి ఊరేగింపులో, అదే బరాత్‌లో, బ్యాండు పాటగాడికి గొంతు పట్టేస్తే, ఇది డోలులోంచే పాట అందుకుంటుంది. తెల్లారేసరికి ఊరంతా దాని పేరే. ఆ పేరు నెత్తికెక్కి ఎలుక పడే తిప్పలే మిగతా కథ. స్క్రిప్టు చదువుతూ నా గదిలో నేనొక్కదాన్నే పకపకా నవ్వుకున్నాను. ముప్పై ఏళ్ళు ఏడుపు పాటలు, ప్రకటనల జింగిల్సు రికార్డు చేసి చేసి అలసినదాన్ని, పాడే ఎలుక అనేసరికి ప్రాణం లేచొచ్చింది.

బొమ్మలు సిద్ధమైపోయాయి, గొంతు మాత్రం దొరకలేదు. సినిమా వేసవి సెలవుల్లో విడుదల కావాలి. బడులు తెరిచాక వచ్చే పిల్లల సినిమా, పెళ్ళివారు వెళ్ళిపోయాక వాయించిన బ్యాండు లాంటిది.

ఎలుక గొంతు ఎలా పుడుతుందో ఇక్కడ చెప్పాలి. మామూలు గొంతును కంప్యూటరుతో పైకి లేపడం ఈ రోజుల్లో ఎవరైనా చేస్తారు. కానీ అందులో ఊపిరి ఉండదు. పాత పద్ధతి వేరు. వాద్యాలను సగం వేగానికి తగ్గించి, దానికి తగ్గట్టు గాయకుడి చేత సగం వేగంలో పాడిస్తారు. ఆ తర్వాత అంతటినీ రెట్టింపు వేగంతో వినిపిస్తారు. పాట అసలు నడకకు వస్తుంది, గొంతు ఒక స్థాయి పైకెక్కి బుల్లిగా మారుతుంది. డైరెక్టరు కార్తీక్‌కు అదే కావాలి. బొల్లారం కుర్రవాడు, మొదటి సినిమా, నిలబడి మాట్లాడడం తెలియదు, గెంతుతూ మాట్లాడతాడు. “మేడమ్, కంప్యూటర్‌ది రోబో లెక్క ఉంది. నాకు పానమున్న ఎలుక కావాలె” అన్నాడు.

వినడానికి తేలిక, పాడడమే బ్రహ్మప్రళయం. పేరున్న గాయనులు ముగ్గురు వచ్చారు. మొదటావిడ గమకాలు రెట్టింపు వేగంలో మేక అరుపులయ్యాయి. రెండో అమ్మాయి అచ్చులను సాగదీసి హల్లులను మామూలుగా పలికింది. వేగం పెంచగానే హల్లులన్నీ టిక్కుటిక్కుమని మాయమయ్యాయి, ఎలుక నోట్లో వడ్ల గింజ ఇరుక్కున్నట్టు వినిపించింది. మూడో ఆమెకు ఊపిరి చాలక పల్లవి సగంలో కుర్చీలో కూలబడింది. ముగ్గురికీ ‘మళ్ళీ’ అన్నాను, ముగ్గురూ మళ్ళీ రాలేదు. మా స్టూడియో యజమాని తలుపు దగ్గర నిలబడి, “కొండను తవ్వి ఎలుకను పట్టినోళ్ళను చూసిన గని, కొండంతా తవ్వి ఎలుక సుత దొరకనోళ్ళను మిమ్మల్నే చూస్తున్న” అని ఎత్తిపొడిచి పోయాడు. కోపం వచ్చింది గానీ, నవ్వు కూడా వచ్చింది.

మూడో ఆమె వెళ్ళిపోయిన మంగళవారం సాయంత్రం యాప్రాల్‌లో మా అపార్టుమెంటుకు వచ్చేసరికి, మా పక్క ఫ్లాటు అనసూయమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. చేతిలో భజన తాళాలు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను. కాలనీ గుళ్ళో మంగళవారం భజనే ఆమెకు లోకం. ఏమైందని అడిగాను.

“శారదమ్మ నన్ను వెనుక నిలబడుమన్నది చెల్లె. తాళాలు పట్టుకొని పెదవులు కదిపితే చాలంట, గొంతు ఇప్పొద్దంట. శ్రీరామనవమికి పోటీ ఉన్నది గదా. నేను పాటను వెనక్కి లాగుతనంట.”

శారదమ్మ గారు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, భజన మండలికి పెద్ద. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. క్రమశిక్షణ అంటే ప్రాణం పెడతారు. ఆమె అన్నారంటే తిరుగులేదు. మామూలుగా అయితే అనసూయక్కను ఓదార్చి లోపలికి తీసుకుపోయేదాన్ని. కానీ ఆ మాట నా చెవిలో గంట కొట్టింది.

“లాగుతావా? ఎంత లాగుతావు అక్కా? ఏదీ, పాడు.”

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. అయినా పాడింది. రాముడి పాట. ప్రతి అక్షరం మీదా కూర్చుని, దాని యోగక్షేమాలు కనుక్కుని, అప్పుడు లేచి తర్వాతి అక్షరం దగ్గరికి పోయే పాట. అచ్చులే కాదు, హల్లులు కూడా సాగుతున్నాయి. గమకం లేదు, వణుకు లేదు, పాదం చివరి దాకా ఊపిరి ఉంది. ఫోనులో రికార్డు చేసి అక్కడే వేగం రెట్టింపు చేసి వినిపించాను. మెట్ల మీద ఒక చిట్టెలుక రామభజన చేసింది! ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాం.

“ఏందమ్మా, నన్ను ఎలుకను చేస్తివి?” అంది.

మర్నాడు ఆమెను స్టూడియోకు తీసుకెళ్ళాను. బూత్‌లో మైకు ముందు నిలబెట్టి హెడ్‌ఫోన్ పెట్టాం. హెడ్‌ఫోన్‌లో క్లిక్ వినిపిస్తుంది. గోడ గడియారం చప్పుడులా ఆగకుండా కొట్టే దెబ్బ అది, గాయకులు తాళం తప్పకుండా ఉండడానికి. పాటను లాగే మనిషి కదా, క్లిక్ కంటే వెనక పడుతుందని, ఆ తర్వాత సర్దుకోవచ్చని నేను అనుకున్నాను.

ఆమె వెనక పడలేదు. ముందుకూ పోలేదు. ప్రతి మాటా సరిగ్గా దెబ్బ మీదే దిగింది. నమ్మకం కుదరక కంప్యూటరు తెర మీద ఆమె గొంతు గీతను, క్లిక్ గీతలను పక్కపక్కన పెట్టి చూశాను. తర్వాత క్లిక్ ఆపేసి పాడించాను, ఆగిపోయిందని ఆమెకు చెప్పకుండా. చరణం చివర మళ్ళీ క్లిక్ కలిపితే, ఆమె అక్కడే ఉంది. ఇంత నిలకడ నేను మద్దెల విద్వాంసుల్లో కూడా అరుదుగా చూశాను. మరి లాగుతున్నది ఎవరు? ఎవరూ లాగడం లేదు. భజన గుంపంతా పరుగెత్తుతోంది, ఈమె ఒక్కతే నిలబడి ఉంది, అంతే.

రెట్టింపు చేసి వినిపించగానే కార్తీక్ కుర్చీ ఎక్కాడు. “డోలే నా ఇల్లమ్మా, దరువే నా బువ్వమ్మా” అని గింజ పాడుతోంది. మాట మాటా ముత్యంలా వినబడుతోంది. పైగా పాదానికీ పాదానికీ మధ్య అనసూయక్క పెద్దగా ఊపిరి పీల్చే అలవాటు, వేగం పెరిగేసరికి ముక్కు ఎగబీల్చే ఎలుక చప్పుడయింది. మామూలుగా ఊపిరి చప్పుళ్ళను కోసి పారేస్తాం. వీటిలో ఒక్కదాన్నీ ముట్టనివ్వలేదు నేను. చాలా కాలం తర్వాత ఒక్కసారి కూడా ‘మళ్ళీ’ అనకుండా ‘ఓకే’ అన్నాను. మా అసిస్టెంటు సరిగ్గా వినబడలేదేమోనని మళ్ళీ అడిగాడు.

ఆ రోజే శారదమ్మ గారింటికి వెళ్ళి తెర మీద చూసిన సంగతి చెప్పాను. ఆమె మర్యాదగా కాఫీ ఇచ్చి, “మీ యంత్రాలతో మాకేం పనండీ? ఇరవై మంది ఒక దారిన పోతుంటే ఆవిడ ఒక్కరే వెనకుంటే, లాగినట్టే కదా?” అన్నారు. జవాబు నోటి దాకా వచ్చింది. కాఫీ బాగుండడం వల్ల మింగేశాను.

సినిమా సెలవుల్లో విడుదలైంది. ఇక చూడండి! ఆటోల్లో గింజ, ఫోన్లలో గింజ, అసలు బరాత్‌లలోనే గింజ పాట. సైనిక్‌పురిలో కూరగాయల బండివాడు మైకులో దాని వరసలోనే టమాటాలు అమ్మాడు. ఆ గొంతు మా పక్కింటావిడదని తెలియగానే అపార్టుమెంటు పిల్లలంతా ఆమె గుమ్మం ముందు చేరారు. ఆమె తలుపు తీయడం, “ఎలుకమ్మమ్మా!” అని వాళ్ళు కేకలు పెట్టడం, ఆమె చేతికి అందినవాడి చెవి మెలిపెట్టి చేతిలో మురుకు పెట్టడం, రోజూ ఇదే భాగోతం. నాకైతే పండగలా ఉండేది.

కానీ మంగళవారం వస్తే ఆమె వెనక వరసలో తాళాలు పట్టుకుని పెదవులు కదుపుతూనే ఉంది. రామనవమి పోటీ అయిపోయింది, వాళ్ళకు రెండో బహుమతి కూడా వచ్చింది, అయినా ఆ ఏర్పాటు మారలేదు. సినిమా వేరు, భజన వేరు అన్నారు శారదమ్మ గారు. ఊరంతా అనసూయక్క గొంతే, తన గుళ్ళో మాత్రం ఆమెకు గొంతు లేదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

సెలవుల చివర్లో ఒక టీవీ ఛానెల్ వాళ్ళు ఫంక్షన్ హాల్లో పిల్లల పండగ పెట్టి అనసూయక్కను పిలిచారు. వేదిక సౌండు బాధ్యత నాది. నిర్వాహకుడు ఎలుక చెవుల టోపీ తెచ్చి, సినిమా ట్రాక్ వేస్తామని, ఆమె నోరు ఆడిస్తే చాలని చెప్పాడు.

“చెవులు పెడితే పెట్టుకుంట గని, ఉత్తగ నోరు మెదప. గుళ్ళె చేస్తున్నది అదే గదా, సాలు” అంది అనసూయక్క.

అతను నా వైపు తిరిగి గొంతును అక్కడికక్కడే ఎలుకలా మార్చలేమా అని అడిగాడు. కంప్యూటరుతో లేపితే మళ్ళీ ఆ రోబో గొంతే వస్తుంది, మా పద్ధతిలో అయితే అక్కడికక్కడ మార్చలేం. ఇంకా పాడని పాటను ముందే వేగంగా వినిపించే యంత్రం పుట్టలేదు. ఆమె తన గొంతుతో, తన వేగంతోనే పాడాలి. వందలమంది పిల్లలు గింజ కోసం వచ్చి కూర్చున్నారు. మొదటి వరసలో భజన మండలి మొత్తం ఉంది, శారదమ్మ గారితో సహా. అనసూయక్క గేలి పాలైతే, తర్వాత గుళ్ళోనే కాదు, ఇంట్లో కూడా పాడదని నాకు తెలుసు. సౌండు కన్సోలు ముందు కూర్చుని, శబ్దాన్ని పెంచి తగ్గించే మీటల్లో, అంటే ఫేడర్లలో, ఒకదాని మీద రికార్డింగుకు వాడిన సగం వేగం వాద్యాల ట్రాక్, ఇంకోదాని మీద సినిమా ట్రాక్ వాద్యాలు పెట్టుకున్నాను. రెండోది ఎందుకు పెట్టుకున్నానో అప్పటికి నాకే తెలియదు.

చెవుల టోపీతో ఆమె పాట ఎత్తుకుంది. “డోలే... నా... ఇల్లమ్మా...” నిండైన లోగొంతు, నింపాదిగా. అంతలో ముందు నుంచి ఒక పిల్ల లేచి, “ఇది గింజ కాదు!” అని అరిచింది. నవ్వులు మొదలయ్యాయి. నిర్వాహకుడు ఆపేయమని నాకు సైగలు చేశాడు. నేను చేయి కదపలేదు.

అప్పుడా పిల్లే, గింజ ఎలా పాడుతుందో చూపించడానికి, గొంతెత్తి సినిమా వేగంలో పాడింది. పక్కవాళ్ళు అందుకున్నారు. క్షణంలో హాలంతా అందుకుంది. వేదిక మీద ఆమె సగం వేగంలో, కింద వందల గొంతులు రెట్టింపు వేగంలో. ఎవరైనా ఆ హోరుకు బెదిరి ఆగిపోతారు, లేదా దాని వెంట పరుగెత్తుతారు. అనసూయక్క ఆగలేదు, పరుగెత్తలేదు. తన దెబ్బ మీద తను ఉంది. సరిగ్గా రెట్టింపు కదా! శ్రుతి ఒకటే, స్థాయి వేరు! నాకు ఒక్కసారిగా వెలిగింది. సినిమా ట్రాక్‌ను సగం వేగం ట్రాక్ దెబ్బకు కలిపి ఫేడరు తోశాను. పిల్లల పరుగు డోలుకు చిక్కింది. ఆమె పల్లవి ఒకసారి ముగించేలోగా వాళ్ళు రెండుసార్లు పాడి, అందరూ కలిసి ఒకే దెబ్బ మీద దిగారు.

హాలు పైకప్పు లేచిపోయింది. మళ్ళీ మొదటి నుంచి పాడారు. ఈసారి శారదమ్మ గారు లేచి నిలబడి తాళం వేయడం మొదలుపెట్టారు, పిల్లల వేగానికి కాదు, అనసూయక్క వేగానికి. ఆవిడ చప్పట్లు ఒక్కొక్కటీ ఆ మాటల మీదే పడుతున్నాయి. చూస్తూ చూస్తూ నేను ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, సంతోషంతోనే ఏడ్చాను.

తర్వాత శారదమ్మ గారు కన్సోలు దగ్గరికి వచ్చారు. “నా చేతులకే తెలిసిందండీ. పరుగెత్తేది మేమే. తొందరగా ముగిస్తే హారతి వేళకు అందుకుంటామని ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయాం, అదే తాళమనుకున్నాం” అన్నారు. ఆ మాట నాకు చెప్పి ఊరుకోలేదు. వేదిక మెట్ల దగ్గర నిలబడిన అనసూయక్క దగ్గరికి వెళ్ళి, వచ్చే మంగళవారం భజన ఎత్తుకోవలసింది మీరేనని చెప్పారు.

అనసూయక్క ఎలుక చెవులు తీసి చంకలో పెట్టుకుంది. “జెర మెల్లగ పాడుత మరి” అంది.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకు మైకుల కంటే ముందు ఈ సంగతే చెబుతాను. గుంపులో ఒకరు వెనకబడ్డారని అనిపిస్తే, ఆ ఒక్కరిని ఆపవద్దు, ముందు క్లిక్ వేసి చూడండి. ఎక్కువమంది వేగం తాళం కాదు. మా కాలనీ గుళ్ళో మంగళవారం హారతి అప్పటి నుంచీ ఆలస్యంగానే ఇస్తున్నారు.