పద్మలత మేడం అడగకూడని ప్రశ్న

మా పద్మలత మేడంకు ఉన్న రోగం ఒక్కటే. ఏదైనా సరే, అది ఎట్లా జరిగిందో తెలిసేదాకా ఆమెకు అన్నం సయించదు. ఇన్నేళ్లుగా హనుమకొండలో ఆమె దగ్గర వకీలు గుమాస్తాగా ఉన్నాను కనుక ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి గోదాము కాలి ఇన్సూరెన్సు దావా పడితే మిగతా వకీళ్లు ఫోటోలు చూసి ఊరుకుంటారు. ఈమె నన్ను వెంటేసుకుని ఆ మసిలోకి దిగింది. ఇద్దరం తుమ్మలేక చచ్చాం.

"మనకెందుకు మేడం ఈ తిప్పలు?" అన్నాను.

"మంట కిందికెల్లి మొదలైందా, మీదికెల్లా? నీకు తెలుసుకోబుద్ధి గాదా పాండురంగం?"

నాకు కాదు. నాకు ముక్కు మండుతోంది! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి.

అట్లా ఇన్సూరెన్సు కేసులంటే పద్మలతే అనే పేరొచ్చింది. తరవాత డాక్టర్ల కేసులూ వచ్చాయి. డాక్టర్లు కూడా ఇన్సూరెన్సు కడతారు. వైద్యంలో పొరపాటు జరిగిందని ఎవరైనా దావా వేస్తే ఆ భారం కంపెనీ మోస్తుంది. కాకపోతే తనను అడగకుండా డాక్టరు తప్పు ఒప్పుకోకూడదంటుంది. అందుకే మేడం ప్రతి డాక్టరుకూ మొదటిరోజే చెప్పేది: "వాళ్లింటికి పోవద్దు. పలకరియ్యొద్దు. ఏమున్నా నేనే మాట్లాడుత." మనవైపు చావు జరిగిన ఇంటికి పగవాడైనా పోయి పలకరించి వస్తాడు. అయినా కంపెనీ షరతు షరతే కదా అని నేనూ తలూపేవాణ్ని.

నెక్కొండ సమ్మమ్మ కేసూ అలాంటిదే. ఆమె భర్త కట్టయ్య ఓంప్రకాశ్ డాక్టరు దవాఖానలో హెర్నియా ఆపరేషనుకు వచ్చి, మత్తు వికటించి బల్ల మీదే పోయాడు. సమ్మమ్మ దావా వేసింది. డాక్టరు తరఫున మా మేడం. నాలుగేళ్లు ఆ డాక్టరు తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు.

సమ్మమ్మ బోనెక్కిన రోజు మేడం అడగాల్సినవన్నీ అడిగింది. కేసు మా చేతికొచ్చినట్టే. ఇక కూర్చోవచ్చు కదా! జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగకూడదని నిన్నగాక మొన్న కోటు తొడిగిన జూనియరుకైనా తెలుసు. ఈమె కూర్చోలేదు.

"రాజీకి పిలిస్తే రాకపోతివి. అసలు నీకేం గావాలమ్మా?"

నేను నెత్తి కొట్టుకున్నాను.

"ఆ పొద్దు మేం కొట్లాడుకున్నం," అంది సమ్మమ్మ. "నాతోని మాట్లాడకుంటనే లోపటికి పోయిండు. ఆఖరికి ఏమన్నడో డాక్టర్ సారుకే ఎరుక. అడుగుదమని పోతే గేటు కాడ్నే ఆపిండ్రు. దినాలకన్న అస్తడేమో అని చూసిన, రాలె. కేసేస్తెనన్న నోరిప్పుతడనుకున్న."

వెనక బెంచీలోంచి ఓంప్రకాశ్ డాక్టరు లేచి నిలబడ్డాడు. కంపెనీ ఆఫీసరు ఆయన చొక్కా పట్టి లాగుతూ, కూర్చోబెట్టమని మేడంకు సైగలు చేస్తున్నాడు. ఆమె చెయ్యెత్తితే చాలు, డాక్టరు కూర్చునేవాడే. ఎత్తలేదు. ఆయన ఏం చెబుతాడో వినాలని ఆమెకూ ఉంది, నాకు తెలుసు.

"సూది ఇచ్చేముందు నా చెయ్యి పట్టుకున్నడమ్మా," అన్నాడు డాక్టరు. "'మా ఇంటామె బయట కూసున్నది సారూ, కోపంల పొద్దుగాల్నుంచి మంచినీళ్లు గూడ ముట్టలె, జర ఒక చాయ్ తాపిచ్చుండ్రి' అన్నడు. నవ్వుకుంటనే కండ్లు మూసిండు. తర్వాత ఆగమాగంల నేనే మర్చిపోయిన."

సమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"కోపంతోనే పోయిండనుకుంట ఇన్నేండ్లు ఏడ్సిన సారూ," అంది చివరికి. "గీ ఒక్క మాట చెప్పనీకి మీకేం అడ్డమచ్చింది?"

డాక్టరు మా మేడం వైపు చూశాడు.

"నేనే అడ్డమొచ్చిన, అమ్మా," అంది మా మేడం.