కుండ కూర్చున్న ముందు సీటు

ఇన్నేళ్లుగా మా వాళ్లందరినీ ఒకే ప్రశ్న అడుగుతున్నాను. నవ్వేసి ఊరుకుంటారు తప్ప ఒక్కరూ జవాబు చెప్పరు. అందుకే రాసి పెడుతున్నాను.

కేతేపల్లిలో వ్యవసాయం చేసే మా బావ, పందొమ్మిదివందల అరవైల్లో పట్నంలో ఎవరో వాడి వదిలేసిన కారు కొన్నాడు. ఎక్కడికి బయలుదేరినా ముందు సీటు మట్టికుండది. నిండా నీళ్లు పోసి, కింద గడ్డిచుట్ట పెట్టి కూర్చోబెట్టేవాడు. భార్య తమ్ముణ్ణయిన నేను వెనక, అక్క పక్కన, మూటల మధ్య.

ఒక ఎండాకాలం పట్నం నుంచి వస్తుంటే చౌటుప్పల్ దాటాక ఇంజను ఆవిరి కక్కింది. బావ దిగి, ఎద్దును నిమిరినట్టు మడ్‌గార్డు నిమిరాడు. వేడి తగ్గాక చెంబుతో రేడియేటర్లో నీళ్లు పోయసాగాడు.

"దూపైతాంది బావా, నాకో చెంబు ఇయ్యి."

"బండి తాగినంకనే మనం. ఎడ్లు తాగకముందే నువ్వు తాగుతవా?"

"ఎడ్లకంటె తక్కువనా నేను?"

"ఎడ్లు గింత లొల్లి చెయ్యవు బామ్మర్దీ!"

అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

చివరి చెంబు మాత్రం, తాను తాగకుండా, నాకే ఇచ్చాడు. "రా, ముందట కూసో" అన్నాడు. పొంగిపోయి కూర్చున్నాను. వెంటనే కుండ నా ఒళ్లో పెట్టాడు.

"ఖాళీ కుండ ఎగిరి పల్గుతది. జర గట్టిగ పట్టుకో."

మొహానికి గాలి కొడుతుంటే ఇంటిదాకా రాజాలా వచ్చాను.

బతికుండగా బావ చెప్పలేదు. అక్కా, నువ్వైనా నవ్వకుండా చెప్పు: ఆ రోజు ముందు సీటు ఇచ్చింది నాకా, కుండకా?